రోదసీ విహారి డాన్ డేర్

మీలో బొమ్మల కథలు చదువని వారుండరు. పాఠ్యపుస్తకము నడుమ దాచుకొని చదివిన వారును కొందరుందురు. పెద్దలు చూచి మందలించినపుడు, "ఇది వట్టి బొమ్మల పుస్తకమే కదా!" అని మీరు సమాధానము చెప్పియుందురు. ఆ "వట్టి" అను మాట ఎంత అన్యాయమైనదో ఈ వ్యాసము చదివిన పిమ్మట మీకే తెలియగలదు. వారమునకు రెండు పుటల రంగుల బొమ్మల కొరకు ఇంగ్లండులో ఒక చిత్రకారుడును, అతని సహచరులును రాత్రింబగళ్లు ఎట్లు శ్రమించిరో, ఆ బొమ్మలలోనికి అతని కుటుంబమే ఎట్లు చేరిపోయెనో, తుదకు ఆ శ్రమఫలము ఎవరికి దక్కెనో తెలిసికొందము.

ముందుగా చిత్రకథ యనగానేమో చూతము. వ్రాసిన కథకు అక్కడక్కడ బొమ్మలు చేర్చినంత మాత్రమున అది చిత్రకథ కాజాలదు. అందు కథను నడపవలసినవి బొమ్మలే. మన చేర్యాల నకాషీ చిత్రకారులు పొడుగైన గుడ్డపటముపై కథను వరుసగా చిత్రింపగా, కథకులు ఆ పటమును విప్పుకొనుచు జనులకు కథ చెప్పెడివారు. ఆధునిక చిత్రకథలో కథకుని గొంతునకు బదులుగా పాత్రల నోటియొద్ద మాటల బుడగలుండును. ఒక గడికిని మరియొక గడికిని నడుమ సన్నని తెల్లని సందుండును. మొదటి గడిలో ఒకడు తలుపుపై చేయి వేసియుండును; రెండవ గడిలో వాడు గది లోపల నిలిచియుండును. తలుపు తెరచుట గాని, లోనికి అడుగు పెట్టుట గాని బొమ్మలో లేదు. ఆ రెండు పనులను పాఠకుడే తన మనస్సులో పూరించుకొనును. కావున చిత్రకథా పఠనము సోమరిపని యనుట సరికాదు.

భవిష్యత్కాలపు అంతరిక్షయానమును చిత్రకథగా చెప్పుట అమెరికా వార్తాపత్రికలలో ప్రబలెను. 1929వ సంవత్సరము జనవరి 7వ తేదీన బక్ రోజర్స్ అను దినపత్రికా చిత్రకథ ఆరంభమయ్యెను. 1934 జనవరిలో అలెక్స్ రేమండ్ అను చిత్రకారుడు ఫ్లాష్ గోర్డన్ కథను ఆదివారపు రంగుల పుటలలో ప్రారంభించెను. ఈ కథలలోని నాయకులు రాకెట్లపై గ్రహాంతరములకు పోయి రాక్షసప్రాయులైన రాజులతో పోరాడుచుందురు. వర్ణవైభవము, వేగము వీనియందు పుష్కలముగా నుండెను. కాని ఆ నౌక ఏ శక్తితో నడచును, అందలి మనుష్యులు ఎట్లు ఊపిరి పీల్తురు, ఆ వాహనములోనికి ఏ ద్వారము గుండా ప్రవేశింతురు అను ప్రశ్నలను వాని కర్తలు అంతగా పట్టించుకొనలేదు. ఈ ప్రశ్నలను పట్టించుకొన్న చిత్రకథ ఇంగ్లండులో 1950వ సంవత్సరమున వెలువడెను. దాని నాయకుడే డాన్ డేర్.

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసినను ఇంగ్లండు ప్రజల కష్టములు ముగియలేదు. మాంసము, వెన్న, పంచదార మున్నగు వస్తువులను ప్రభుత్వము రేషను కార్డులపై కొలిచి ఇచ్చుచుండెను. ఆహారపు రేషను పూర్తిగా తొలగునప్పటికి 1954వ సంవత్సరము వచ్చెను. ఆ దినములలో అమెరికానుండి వచ్చు భయానక చిత్రకథలు ఇంగ్లండు పిల్లల చేతులలో పడుచుండెను. హత్యలు, క్రౌర్యము వానియందు విరివిగా నుండెను. లాంకషైరు ప్రాంతమందలి సౌత్‌పోర్టు పట్టణమున మార్కస్ మోరిస్ అను పాదిరి యుండెను. ఆయన 1949లో ఒక వార్తాపత్రికలో ఈ కథలను తీవ్రముగా ఖండించుచు వ్యాసము వ్రాసెను. ఐతే ఖండించి ఊరకుండుట ఆయన స్వభావము కాదు. చెడ్డ పుస్తకమును పిల్లవాని చేతినుండి లాగివేసినచో ఆ చేతిలో మంచి పుస్తకము పెట్టవలెను గదా! ఆ మంచి పుస్తకము ఆ చెడ్డదానికంటె ఎక్కువ ఆకర్షకముగా నుండవలెను. ఈ ఆలోచనయే ఈగిల్, అనగా డేగ, అను వారపత్రికకు మూలమయ్యెను.

మోరిస్ పాదిరి తన చర్చి తరఫున ఒక చిన్న పత్రికను నడుపుచుండెను. దానికి బొమ్మలు వేయు యువకుని పేరు ఫ్రాంక్ హాంప్సన్. ఈతడు 1918 డిసెంబరు 21వ తేదీన మాంచెస్టరు సమీపమున జన్మించెను. తండ్రి పోలీసు ఉద్యోగి. హాంప్సన్ చిన్నతనముననే చదువు విడిచి, తపాలాశాఖలో తంతివార్తలు అందించు బాలుడుగా కుదిరెను. యుద్ధకాలమున సైన్యములో చేరెను. 1944లో బెల్జియము దేశమందలి ఆంట్వెర్ప్ రేవు ప్రాంతమున నుండగా, జర్మనులు ప్రయోగించు వీ-2 రాకెట్లు ఆకాశమున తెల్లని చారలు గీయుచు పైకి లేచుట చూచెను. అవి జనులను చంపుటకు పంపిన ఆయుధములు. అవియే మనుష్యుని చంద్రునియొద్దకు చేర్చు సాధనములు కూడ కావచ్చునను తలంపు ఆయన మనస్సులో నాటుకొనెను. యుద్ధానంతరము సౌత్‌పోర్టునకు వచ్చి చిత్రకళాశాలలో చేరి విద్యను పూర్తిచేసికొనెను. అక్కడనే మోరిస్ పాదిరితో పరిచయమేర్పడెను.

వీరిరువురును మొదట యోచించిన కథానాయకుడు లండను తూర్పుపేటలోని పేదల నడుమ పనిచేయు ధైర్యశాలియగు ఒక పాదిరి. పిదప ఆ పాదిరిని అంతరిక్షమునకు పంపిరి. ఆ మీదట హాంప్సన్ పాదిరి దుస్తులు విప్పించి, అతనిని రోదసీ దళమునకు చెందిన వైమానికునిగా మార్చెను. ఈ విధముగా కర్నల్ డాన్ డేర్ పుట్టెను. ఉపదేశము చేయు నాయకునికంటె, సత్యసంధత, దయ, సాహసము తన నడతలో చూపు నాయకుడే పిల్లల మనస్సును పట్టగలడని వారు గ్రహించిరి. ఎదుటివాడు శత్రువైనను మాట తప్పకుండుట డాన్ డేర్ స్వభావము.

హాంప్సన్ చేతితో వేసిన నమూనా సంచికను చంకను పెట్టుకొని మోరిస్ లండను నగరమందలి ప్రచురణకర్తల గడపలు తొక్కెను. అనేకులు వలదనిరి. తుదకు హల్టన్ ప్రెస్ అను సంస్థ అంగీకరించెను. 1950 ఏప్రిల్ 14వ తేదీన ఈగిల్ మొదటి సంచిక విడుదలయ్యెను. వెల మూడు పెన్నీలు. మొత్తము 20 పుటలు. వానిలో 8 పుటలు పూర్తి వర్ణచిత్రములు. ముఖపత్రముపైనను రెండవ పుటలోను డాన్ డేర్ కథ యుండెను. మొదటి సంచిక సుమారు 9 లక్షల ప్రతులు చెల్లిపోయెను.

ఇన్ని ప్రతులను ఇన్ని రంగులలో అచ్చొత్తుట సామాన్య కార్యము కాదు. లివర్‌పూలు నగరమందలి ముద్రణాలయములో దీనికై క్రొత్త యంత్రమును ప్రత్యేకముగా నిర్మించిరి. ముద్రణకు వాడిన పద్ధతిని ఫోటోగ్రావ్యూరు అందురు. అందలి రహస్యమిది. చిత్రకారుడు వేసిన రంగుల బొమ్మను రంగుటద్దముల గుండా పలుమార్లు ఫోటో తీసి, పసుపు, ఎరుపు, నీలము, నలుపు భాగములుగా విడదీయుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాగి పూత గల రోలరు. ఆ రోలరుపై కంటికి కానరానంత చిన్న గుంటలను ఆమ్లముతో తొలుతురు. బొమ్మలో రంగు గాఢముగా నుండవలసిన చోట గుంట లోతుగాను, పలుచగా నుండవలసిన చోట లోతు తక్కువగాను ఉండును. రోలరు సిరాలో మునిగి తిరుగునపుడు గుంటలన్నియు సిరాతో నిండును. పలుచని ఉక్కు బద్ద యొకటి పైనున్న అధికపు సిరాను తుడిచివేయును. కాగితము వచ్చి ఒత్తుకొనగనే గుంటలలోని సిరాను పీల్చుకొనును. నాలుగు రోలర్లును వరుసగా అద్దిన పిమ్మట, ఆ నాలుగు రంగుల కలయికచే చిత్రకారుని బొమ్మ తిరిగి రూపొందును. నాలుగు ముద్రలును వెండ్రుకవాసి తప్పక ఒకదానిపై నొకటి పడవలెను. తప్పినచో నాయకుని పెదవి ఒకచోటను, దాని ఎరుపు వేరొకచోటను పడును!

ఇక కథలోనికి వత్తము. మొదటి కథాకాలము 1996వ సంవత్సరము. అప్పటికి భూమిపై యుద్ధములు లేవు గాని, జనసంఖ్య పెరిగి ఆహారము చాలకున్నది. శుక్రగ్రహమున పంటలు పండించు అవకాశముండునేమో తెలిసికొనుటకు పంపిన నౌకలు ఒక్కటియు తిరిగి రాలేదు. కింగ్‌ఫిషర్ అను నౌకయు ఆ గ్రహమును సమీపించుచునే పేలిపోవును. రోదసీ దళాధిపతి సర్ హ్యూబర్టు గెస్టు దిగులుతో క్రుంగిపోవును. అప్పుడు డాన్ డేర్ ఆవేశపడి ఖడ్గము దూయడు, కూర్చుండి ఆలోచించును. శుక్రుని చుట్టు ఏదో కిరణముల తెర యున్నదనియు, క్రొత్తరకపు తరంగయంత్రములతో నడచు నౌకలు ఆ తెరను తాకుటవలననే పేలిపోవుచున్నవనియు ఊహించును. పాతకాలపు రాకెట్లతో నడచు చిన్న నౌకలైనచో తెరను దాటగలవని సూచించును. కథ ఈ ఊహపై ముందుకు సాగును.

ఆహారపు కొరతతో కథ మొదలగుట కాకతాళీయము కాదు. దానిని చదువుచున్న పిల్లలు, మిఠాయికి కూడ కార్డు చూపవలసిన కాలమున పెరుగుచుండిరి. మిఠాయిలపై రేషను 1953 ఫిబ్రవరి వరకు తొలగలేదు. భవిష్యత్కాలపు కథలో సయితము వారికి తమ ఇంటి వంటగదియే కనబడెను. మంచి వైజ్ఞానిక కల్పనకు ఇది యొక లక్షణము. అది ఎంత దూరపు గ్రహమునకు పోయినను, బయలుదేరునది మాత్రము పాఠకుని గుమ్మమునుండియే.

శుక్రగ్రహపు ఉత్తరార్ధమున ట్రీనులను పచ్చని మనుష్యులుందురు. వారికి విజ్ఞానము మెండు. ప్రేమ, జాలి, హాస్యము తెలియవు. వారి ప్రభువు మెకాన్. గుమ్మడికాయవంటి పెద్ద తల, పుల్లవంటి చిన్న దేహము గల ఈ ప్రభువు గాలిలో తేలు పీఠముపై కూర్చుండి ఆజ్ఞలిచ్చును. దక్షిణార్ధమున థీరాను లను శాంతప్రియులు నివసింతురు. ఈ రెండు జాతులకును నడుమ అగ్నివలయము అడ్డముగా నుండును. మెకాన్ పరమ శత్రువే యైనను, అతని జాతివాడైన సోండర్ అను ట్రీను డాన్ డేర్‌కు మిత్రుడగును. ఒక జాతియంతయు దుష్టమని చెప్పక, అందలి ఒకనిని మిత్రునిగా చూపుట, యుద్ధద్వేషములు ఇంకను చల్లారని ఆ దినములలో చెప్పుకొనదగిన విషయము. డాన్ డేర్ బృందములో ఇంగ్లీషువాడు, అమెరికనుడు, ఫ్రెంచివాడు కలసి పనిచేయుదురు. పీబాడీ అను శాస్త్రజ్ఞురాలు కూడ వారితో పోవును. ఆడుది అంతరిక్షమునకు వచ్చుటయా యని సర్ హ్యూబర్టు మొదట సణుగును గాని, ఆమె ప్రజ్ఞ చూచి తన మాట వెనుకకు తీసికొనక తప్పదు.

ఆరంభదశలో ఈ కథకు వైజ్ఞానిక సలహాదారుగా నుండినది ఆర్థర్ క్లార్క్. భూమి చుట్టు తిరుగు కృత్రిమ ఉపగ్రహముల ద్వారా ప్రపంచమంతటికి వార్తలు పంపవచ్చునని 1945లోనే వ్యాసము వ్రాసిన మహాశయుడీతడే. వైజ్ఞానిక కల్పనకును అభూతకల్పనకును భేదమేమని మీరు అడుగవచ్చును. మాయాతివాసిపై ఎగిరిపోవు రాజకుమారుని, "ఈ తివాసి ఎట్లు ఎగురుచున్నది?" అని మనమడుగము. వైజ్ఞానిక కల్పనలో అట్లు అడుగు హక్కు మనకున్నది. రచయిత ఒక ఊహను స్వీకరింపవచ్చును. స్వీకరించిన తరువాత దానికి కట్టుబడియుండవలెను. తరంగయంత్రము తెరను తాకి పేలునని ఒకమారు చెప్పినచో, తరువాతి వారము నాయకుని సౌకర్యమునకై ఆ నియమమును మార్చరాదు.

ఈ నియమనిష్ఠను హాంప్సన్ బొమ్మలలోను పాటించెను. సౌత్‌పోర్టు శివారున ఒకప్పుడు రొట్టెలు కాల్చిన పాత కట్టడము ఆయన మొదటి చిత్రశాల. ఎండకాలమున అందు ఉక్క, చలికాలమున వణకు. అందు హెరాల్డ్ జాన్స్, గ్రెటా టాంలిన్సన్, బ్రూస్ కార్న్‌వెల్, ఎరిక్ ఈడెన్ మున్నగు యువ చిత్రకారులు ఆయనతోపాటు పనిచేసిరి. తరువాత వచ్చిన డాన్ హార్లీ ముఖ్య సహాయకుడయ్యెను. వ్యోమనౌకలకు, రోదసీ కేంద్రమునకు చిన్న చిన్న నమూనాలను నిర్మించుకొనిరి. పాత్రల తలలను సయితము మట్టివంటి పదార్థముతో మలచి పెట్టుకొనిరి. ఏ వైపునుండి వెలుగు పడిన ఏ వైపు నీడ పడునో ఊహించి గీయుటకు బదులు, నమూనాకు దీపము పట్టి చూచి గీయుచుండిరి. అందుచేత ఒక నౌక ముందునుండి చూచినను, వెనుకనుండి చూచినను అదే నౌకగా గుర్తింపదగియుండెను.

వారపు పని ఈ క్రమమున సాగెడిది. మొదట హాంప్సన్ రెండు పుటలకు చిత్తుచిత్రములను రంగులతో వేయును. అతని చిత్తుచిత్రములే ఇతరుల తుదిచిత్రములవలె పూర్తిగా నుండెడివి. పిమ్మట చిత్రశాలలోని వారు ఒక్కొక్క గడిలోని భంగిమ ప్రకారము నిలుచుందురు. ఒకరు పడిపోవుచున్నట్లు, ఒకరు తుపాకి ఎత్తినట్లు, ఒకరు నౌక కిటికీలోనుండి తొంగిచూచుచున్నట్లు నటింతురు. వారిని ఫోటో తీయుదురు. ఆ ఫోటోలను ఎదుట పెట్టుకొని తుదిచిత్రములు వేయుదురు. సుమారు ఇరువది గడుల కొరకు అన్ని ఫోటోలు, అన్ని భంగిమలు! గడువు దగ్గరపడినపుడు తెల్లవారువరకు దీపములు ఆరెడివి కావు. ఈ శ్రమ హాంప్సన్ ఆరోగ్యమును దెబ్బతీసెను. ఆయన మంచము పట్టిన కాలమున, 1952లో వచ్చిన బుధగ్రహపు కథను హెరాల్డ్ జాన్స్ మున్నగువారు చిత్రింపవలసివచ్చెను.

ఈ ఫోటోలవలననే ఒక వింత జరిగెను. హాంప్సన్ కుటుంబము కథలోనికి వచ్చి చేరెను. గంభీరుడు, కోపిష్ఠి, లోలోపల వాత్సల్యము గల సర్ హ్యూబర్టు గెస్టు ముఖము ఎవరిదో కాదు, హాంప్సన్ తండ్రిదే. పోలీసు ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన ఆ వృద్ధుడు, చిత్రశాలలో సేనాధిపతి దుస్తులు తొడుగుకొని కొడుకు చెప్పినట్లు నిలుచుండెడివాడు. పీబాడీ శాస్త్రజ్ఞురాలికి గ్రెటా టాంలిన్సన్ ఆదర్శము. కొంతకాలమునకు కథలో ఫ్లేమర్ స్ప్రై అను చురుకైన విద్యార్థి ప్రవేశించెను. ఆ బాలుని రూపము హాంప్సన్ కుమారుడు పీటరుది. ఈ విధముగా తాత, తండ్రి, మనుమడు మూడు తరములవారును ప్రతి వారము లక్షలాది ఇండ్లకు వెళ్లి వచ్చుచుండిరి. చదువువారికి మాత్రము ఆ సంగతి తెలియదు. కథలోని సర్ హ్యూబర్టు కనుబొమలు ముడిచినపుడు అవి నిజమైన ముడుతలు. అందుచేతనే ఆ బొమ్మలకు ప్రాణమువచ్చెను.

డాన్ డేర్ కీర్తి పత్రికతో ఆగలేదు. 1951నుండి రేడియో లక్సెంబర్గు అతని కథలను నాటికలుగా ప్రసారము చేసెను. డాన్ డేర్ పేరుతో ఆటతుపాకులు, చేతిగడియారములు, పండ్లపొడులు, దుస్తులు అంగళ్లలో అమ్ముడుపోయెను. వానివలన వచ్చిన ధనములో హాంప్సన్ భాగమెంత? ఏమియు లేదు. పత్రిక ఆరంభదినములలో ఆయన చేసికొనిన ఒప్పందము ప్రకారము, డాన్ డేర్ అను పేరు, రూపము, కథ, బొమ్మ సమస్తము ప్రచురణసంస్థ సొత్తు. ఆయనకు జీతము మాత్రమే ముట్టెను. ఆ కాలమున ఇంగ్లండులో చిత్రకథలు వేయువారందరి స్థితియు ఇంచుమించు ఇంతే. అనేకులకు తమ బొమ్మ క్రింద పేరు వ్రాసికొను అవకాశము కూడ లేకుండెను. ఆ విషయమున హాంప్సన్ కొంత నయము. ఆయన సంతకము పుటపై నుండెను. సంతకము ఆయనదే గాని, సంతకము క్రిందనున్న లోకము ఆయనది కాదు.

1959వ సంవత్సరమున హాంప్సన్ క్రొత్త కథ మొదలుపెట్టెను. అందు డాన్ డేర్ తండ్రి వృత్తాంతము వచ్చును. ఆయనయు వైమానికుడే. చాల సంవత్సరముల క్రిందట ఒక రహస్యనౌకలో దూరనక్షత్రములవైపు పోయి తిరిగి రాలేదు. కుమారుడు ఆ తండ్రిని వెదకుచు బయలుదేరును. తొమ్మిదేండ్లుగా గ్రహములను రక్షించుచున్న వీరుడు, ఇప్పుడు తండ్రిజాడకై తపించు కొడుకుగా కనబడెను. సరిగా ఆ సంవత్సరముననే హల్టన్ ప్రెస్ చేతులు మారి, ఓడమ్స్ అను మరియొక సంస్థ వశమయ్యెను. మోరిస్ పత్రికను విడిచిపోయెను. నమూనాలు, ఫోటోలు, సహాయకులు ఇవి యన్నియు అధిక వ్యయమని క్రొత్త యజమానులు తలచిరి. హాంప్సన్ డాన్ డేర్‌ను వదలుకొనెను. తండ్రిని వెదకబోయిన కొడుకు దారి మధ్యమున నుండగనే, కుంచె ఫ్రాంక్ బెలామీ అను వేరొక చిత్రకారుని చేతికి పోయెను. బెలామీయు ప్రజ్ఞావంతుడే. ఐనను యజమానుల కోరికపై నౌకల ఆకృతులు, దుస్తులు మార్పవలసివచ్చెను.

హాంప్సన్ ఆ తరువాత క్రీస్తు చరిత్రను ఈగిల్ చివరి పుటపై చిత్రించి ముగించెను. పిదప పత్రికతో ఆయన సంబంధము తెగిపోయెను. తాను సృష్టించిన వీరుని బొమ్మను తానే స్వేచ్ఛగా వేసి అమ్ముకొనుటకు ఆయనకు హక్కు లేకపోయెను. లేడీబర్డ్ వారి చిన్నపిల్లల పుస్తకములకు బొమ్మలు వేసెను. తరువాత ఈవెల్ పట్టణమందలి సాంకేతిక కళాశాలలో చిత్రవిభాగపు సహాయకుడుగా చిన్న ఉద్యోగము చేసెను. ఈగిల్ పత్రిక 1969 ఏప్రిలులో నిలిచిపోయెను. 1970 ప్రాంతమున కంఠమునకు క్యాన్సరు వ్యాధి సోకగా, చికిత్సచే దానినుండి బయటపడెను. ఏబదియేండ్లు దాటిన వయస్సున సార్వత్రిక విశ్వవిద్యాలయములో చేరి, 1979లో పట్టము పొందెను.

1975వ సంవత్సరమున ఇటలీ దేశమందలి లూకా నగరములో చిత్రకథాకారుల అంతర్జాతీయ సభ జరిగెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినప్పటినుండి అంతవరకు చిత్రకథలు వ్రాసి చిత్రించిన వారిలో శ్రేష్ఠుడు ఎవరని యోచించి, అక్కడివారు హాంప్సన్‌ను ఎన్నుకొని సన్మానించిరి. ఒక చిన్న పట్టణపు కళాశాలలో మరుగునపడియున్న మనుష్యుని పేరు మరల నలుగురి నోటను వినబడెను. 1985 జూలైలో ఆయన మరణించెను.

శుక్రగ్రహము మాట యేమైనది? డాన్ డేర్ పుట్టిన నాటికి ఆ గ్రహము దట్టమైన మేఘములలో దాగియుండెను. ఆ మేఘముల క్రింద సముద్రములుండవచ్చునని, అడవులుండవచ్చునని కొందరు ఊహించుచుండిరి. 1962 డిసెంబరు 14వ తేదీన అమెరికావారి మారినర్-2 నౌక ఆ గ్రహము ప్రక్కగా పోయి, అది మిక్కిలి వేడిదని తెలిపెను. 1970 డిసెంబరు 15వ తేదీన సోవియట్ వారి వెనీరా-7 నేలపై దిగి వార్త పంపెను. నేటి విజ్ఞానము ప్రకారము అచ్చటి ఉష్ణము సుమారు 465 డిగ్రీల సెంటీగ్రేడు, సీసము కరగిపోవును. వాయుపీడనము భూమిపై నున్నదానికి సుమారు 90 రెట్లు. మేఘములలో నున్నది గంధకామ్లము. అక్కడ ట్రీనులు లేరు, థీరానులు లేరు, పంటపొలములు లేవు. కథ చెప్పిన 1996వ సంవత్సరము వచ్చి వెళ్లిపోయినను మనుష్యుడు శుక్రునిపై అడుగిడలేదు.

అట్లైన ఆ కథ వ్యర్థమా? కాదు. వైజ్ఞానిక కల్పన జ్యోతిషము కాదు. దాని జోస్యములు ఫలించినవా యని లెక్కించుట దానికి తగిన కొలత కాదు. "ఇట్లు జరిగినచో మనమేమి చేయవలెను?" అని అది మనలను అడుగును. ఆహారము చాలనపుడు ఏమి చేయవలెను? బుద్ధి పెరిగి హృదయము ఎండిన పాలకుని ఎదుట మనుష్యుడు ఎట్లు నిలువవలెను? శత్రుజాతిలోని మంచివానిని ఎట్లు గుర్తింపవలెను? ఈ ప్రశ్నలు శుక్రుని ఉష్ణమునకు కరగిపోలేదు.

మరియొక ప్రశ్న ఆ పుటలలో లేదు; ఆ పుటల వెనుక నున్నది. లక్షలాది బాలుర కలలకు రూపమిచ్చిన వానికి, ఆ రూపముపై ఏమియు అధికారము లేకపోవుట న్యాయమా? ధనము పెట్టి, యంత్రములు నిర్మించి, నష్టమునకు సిద్ధపడిన ప్రచురణకర్తకు ప్రతిఫలము రావలసినదే. దానిని కాదనువారు లేరు. ఐనను రేడియోలో, అంగడిలో, ఆటవస్తువులో ఆ సృష్టి కొత్త కొత్త ఫలములను కాయుచుండగా, విత్తు నాటినవానికి ఒక్క పండైనను దక్కవలదా? ఈ అన్యాయమును గుర్తించిన పిమ్మట, తరువాతి తరపు చిత్రకథాకారులు తమ హక్కులకై పలుచోట్ల పోరాడి కొన్నిటిని సాధించిరి.

కనుక ఇకమీదట మీ చేతికి రంగుల బొమ్మల కథ వచ్చినపుడు, నాయకుని పేరు చదివినంతటనే పుట త్రిప్పకుడు. మూలలో చిన్న అక్షరములలో ఎవరి పేరైనను ఉన్నదేమో చూడుడు. రచయిత ఎవరు, బొమ్మ గీసినదెవరు, రంగు వేసినదెవరు అని తెలిసికొనుడు. ఎచ్చటనో ఒక పాత రొట్టెల కొట్టములో ఒక విశ్రాంత పోలీసు ఉద్యోగి సేనాధిపతి వేషము వేసికొని కదలక నిలిచియుండగా, అతని కొడుకు తెల్లవారుజామున చివరి గడిలోని నీడను దిద్దుచున్నట్లు మీకప్పుడు తోచగలదు.